మాకు కుట్టిపెట్టిన పఠాను వేషం

తెలుగు నాటకంలోగానీ సినిమాలోగానీ ముస్లిం పాత్ర రావాలంటే ముందు బట్టలొస్తాయి, మనిషి తర్వాత వస్తాడు. తల మీద కుచ్చు వదిలిన పెద్ద తలపాగా, మోకాళ్లు దాటిన కమీజు, వదులు సల్వారు, పైన చమ్కీ కుట్టిన నల్ల వాస్కెట్టు. అవసరాన్ని బట్టి నడుముకో కత్తి. 1973లో హిందీ 'జంజీర్'లో ప్రాణ్ వేసిన షేర్‌ఖాన్ వేషం, మరుసటేడు అదే కథ తెలుగులో 'నిప్పులాంటి మనిషి' అయినప్పుడు సత్యనారాయణ ఒంటిమీదికి వచ్చింది. ఆ పాత్ర మీద మాకు కోపం లేదు. షేర్‌ఖాన్ మంచివాడు, మాటకి నిలబడే మనిషి. ఆ రోజుల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని ఎక్కువ ఈలలు వేసింది మావాళ్లే.

మా పేచీ బట్టలతో. గుంటూరు మిర్చి బస్తాలు మోసే సాయిబుకి ఆ వాస్కెట్టు లేదు. కర్నూలు పల్లెల్లో దూది ఏకిన దూదేకుల వాళ్లకి లేదు. నల్లగొండలో గడియారాలు బాగుచేసే మనిషికీ, కడపలో సైకిలు షాపు మనిషికీ లేదు. వీళ్లు కట్టుకునేది లుంగీ, తొడుక్కునేది చొక్కా. పెషావరుకీ గుంటూరుకీ మధ్య ఒక దేశ సరిహద్దు, అటూ ఇటూ అయిదారు నదులూ ఉన్నాయి. అయినా తెలుగువాడి కళ్లలో ముస్లిం అనగానే మెదిలే మనిషి ఆ సరిహద్దు దాటి వచ్చినవాడే. ఆ వేషం ఎవరు కుట్టారు, ఏ గుడ్డతో కుట్టారు అన్నది మా ప్రశ్న.

'సరిహద్దు' అన్న మాటే చూడండి. అది ఫారసీ 'సర్‌హద్'. అందులోని 'హద్' అరబ్బీది. తెలుగు అనుకుని వాడుకునే బట్టల మాటల్లో సగం ఇలాంటివే. దర్జీ, జేబు, రుమాలు, శాలువా, జుబ్బా, పైజామా అన్నీ మా ఉర్దూ గుండా వచ్చినవే. మాటలు ఏ పేచీ లేకుండా ఇంట్లో మనుషులైపోయాయి. మనుషులకే ఇంకా ఆ భాగ్యం కలగలేదు.

మా ఇంట్లో ఒక షేర్వాణీ ఉండేది. మా తాతది. మిషను ముట్టని చేతికుట్టు. లోపలి అస్తరు కుట్లు బియ్యపు గింజ కంటే సన్నగా ఉండేవి. నిజాం కాలంలో షేర్వాణీ మతం గుర్తు కాదని ఇప్పుడు విడమరిచి చెప్పాల్సి వస్తోంది. అది హైదరాబాదు రాజ్యంలో చదువుకీ, కొలువుకీ, మర్యాదకీ గుర్తు. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ తొలితరం విద్యార్థుల ఫోటోలు తీసి చూస్తే ఎవరు హిందువో ఎవరు ముసల్మానో బట్టల్ని బట్టి చెప్పలేరు. బూర్గుల రామకృష్ణారావు లాంటి కాంగ్రెసు నాయకులు కూడా షేర్వాణీలోనే తిరిగారు. అసలు ఆ కోటు పుట్టుకే కలగలుపు. పాత అంగర్ఖా, అచ్కన్‌లకి పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాడి కోటు కత్తిరింపు తోడైతే వచ్చింది. 1948 సెప్టెంబరు తర్వాత మా తాత దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టాడు. మళ్లీ తొడగలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఊళ్లో కుర్రాళ్లు నాటకం వేస్తూ అడిగితే ఇంట్లోవాళ్లు ఇచ్చారు. వడ్డీ వసూలు చేసే పఠాను పాత్రకి కావాలన్నారు. తిరిగొచ్చేసరికి దానికి చేతులు లేవు. నడుము దగ్గరికి కత్తిరించి, అంచుల వెంట చమ్కీ అతికించారు. నూరేళ్ల హైదరాబాదు కోటు ఒక్క సాయంత్రంలో పెషావరు వాస్కెట్టు అయింది. కత్తెర పట్టిన దర్జీ మావాడే. కుట్టుకూలి కూడా పుచ్చుకున్నాడు. ఢిల్లీలో ఇలాంటి చేతుల్లేని కోటునే నెహ్రూ జాకెట్టని గౌరవంగా పిలిచారు. అదంతా ఎవరు తొడుక్కుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నాటకంలో ఆ పాత్ర గాల్లోంచి పుట్టలేదన్నది నిజం. తెలంగాణ పల్లెల్లో రోహిల్లాలు అప్పులిచ్చారు, వడ్డీ కోసం గుమ్మంలో కూర్చున్నారు. నిజాం జాగీర్దార్ల దగ్గర అరబ్బులూ రోహిల్లాలూ జీతానికి కత్తి పట్టారు. ఆ భయం కట్టుకథ కాదు. అప్పు తీసుకున్న వాళ్లలో సాయిబులు కూడా ఉన్నారన్న ముక్క మాత్రం నాటకంలో ఉండదు.

పాత బట్టని సరిహద్దు వేషంగా మార్చడం మా ఊరి కుర్రాళ్లు కనిపెట్టిన విద్య కాదు. దాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది కుంఫిణీ సర్కారు. 1846 డిసెంబరులో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ అనే అధికారి 'గైడ్స్' అనే దళాన్ని ఏర్పాటు చేశాడు. తెల్లవాడి సిపాయి అప్పటికి ఎర్ర కోటులో ఉండేవాడు. ఆ కొండల్లో ఎర్ర కోటంటే తుపాకీకి ఎదురెళ్లి గురి చూపించడమే. లమ్స్‌డెన్ అక్కడి జనం వేసుకునే వదులు నూలు బట్టలే తీసుకుని, వాటికి అక్కడి నేల రంగు వేయించాడు. మట్టితో, చెట్ల రసాలతో, చేతికి దొరికిన దానితో. ఫారసీలో 'ఖాక్' అంటే ధూళి. ధూళి రంగుది ఖాకీ.

1857లో ఇది ఇంకా విచిత్రంగా నడిచింది. మర్దాను నుంచి గైడ్స్ దళం ఢిల్లీ ముట్టడికి దిగింది. ఎండాకాలపు తెల్ల డ్రిల్లు బట్టల్లో ఉన్న గోరా పటాలాలు తమ కోట్లు తామే తీసి టీ కషాయంలో, కాఫీలో, మసాలా పొడిలో, బురదలో ముంచుకున్నాయి. ఒక పటాలం బూడిద రంగులో ఉంటే ఇంకొకటి పసుపుగా, మరొకటి మాసిన గోడలా ఉండేదట. చెదరని ఖాకీ రంగుకి ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1884లో. అప్పటిదాకా అది ఉతుక్కొకలా మారే రంగే. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి బోయరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యమంతా ఖాకీలో ఉంది. పఠాను ఒంటిమీది గుడ్డ, పఠాను నేల మట్టి కలిసి పఠానుని అణిచేవాడి యూనిఫారం అయ్యాయి. ఈ రోజు తెలుగు పేపర్లో 'ఖాకీల కాఠిన్యం' అని హెడ్డింగు పెట్టేటప్పుడు డెస్కులో ఎవరికీ ఈ కథ గుర్తుండదు. మేం కూడా ఆ డెస్కుల్లో కూర్చుని ఆ హెడ్డింగులు పెట్టినవాళ్లమే.

తర్వాత్తర్వాత సరిహద్దు కోటు షోకు సరుకైంది. గొర్రె తోలుతో చేసి పట్టుదారంతో కుట్టుపని చేసే అఫ్ఘాన్ పోస్తీన్ 1960ల్లో లండను వెళ్లింది. 1967లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ తొడుక్కున్నాక పడుచుపిల్లలంతా ఎగబడ్డారు. గిరాకీ పెరిగేకొద్దీ తోలు సరిగా ఊనకుండానే ఓడెక్కించేవారు. వాన పడితే కోటు కంపు కొట్టేది. ఇంతకంటే దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు.

చెప్పుకోవాల్సిన వేషం మరొకటుంది. దాన్ని కుట్టింది సర్కారు కాదు, డ్రామా కంపెనీ కాదు, ఆ బట్టలు కట్టుకున్నవాళ్లే.

పెషావరుకి ఎగువన ఉత్మాన్‌జాయీ గ్రామంలో 1890లో పుట్టిన అబ్దుల్ గఫార్ ఖాన్‌కి బడి చదువు చివర్లో ఆ గైడ్స్ దళంలోనే అధికారి ఉద్యోగం వచ్చింది. ఒక పఠాను కుర్రాడికి అంతకు మించిన గొప్ప అప్పట్లో లేదు. తనకి తెలిసిన ఒక దేశీ అధికారిని ఒక తెల్ల అధికారి అవమానించడం చూసి ఆయన ఆ ఉద్యోగం వద్దన్నాడు. ఖాకీ తొడగాల్సిన మనిషి తొడగలేదు. బడులు పెట్టాడు. జైలుకెళ్లాడు. 1928లో 'పఖ్తూన్' అని పష్తో పత్రిక పెట్టాడు. పగలూ ప్రతీకారాలూ వంశాల్ని తినేస్తున్న చోట, 1929లో 'ఖుదాయీ ఖిద్మత్‌గార్' అనే సేవాదళం కట్టాడు. అంటే దేవుడి సేవకులు. దేవుడికి సేవ అక్కర్లేదు కాబట్టి ఆయన పుట్టించిన మనుషులకి చెయ్యాలన్నది దాని అర్థం. చేరేవాళ్లు ఖుదా పేరు మీద ప్రమాణం చెయ్యాలి. హింస చెయ్యను, పగ తీర్చుకోను, రోజుకి రెండు గంటలు సేవ చేస్తాను అని. సాలార్లు, కెప్టెన్లు, కవాతులు, డోళ్లు, బ్యాగ్‌పైపులు అన్నీ సైన్యం తరహాలోనే ఉండేవి. తుపాకీ ఒక్కటే లేదు.

సైన్యమన్నాక యూనిఫారం కావాలి. డబ్బు లేదు. ఒంటిమీద ఉన్నది తెల్లటి చేనేత బట్ట, రాట్నం మీద వడికిన నూలుది. కొండదారుల్లో కవాతు చేస్తే సాయంత్రానికి మట్టి కొట్టుకుపోయేది. ఆనాటి వాళ్ల జ్ఞాపకాల్లో మిగిలిన కథ ప్రకారం, ఒకతను తన బట్టల్ని తోళ్లు ఊనే చోటికి పట్టుకెళ్లాడు. అక్కడ తోలుకి రంగు పట్టించే దేవదారు జాతి చెట్ల బెరడు కషాయంలో ముంచి తీశాడు. గోధుమ ఎరుపు వచ్చింది, ఇటుక రంగు. మురికి కనపడదు, ఖర్చు లేదు. మిగతావాళ్లూ అదే తొట్టిలో ముంచారు. సిద్ధాంతం ఏమీ లేదు. చాకిరీ తగ్గించుకునే ఉపాయం.

ఒక్కసారి ఈ తిరకాసు చూడండి. ఎర్ర కోటు విప్పేసి మట్టిరంగు తొడుక్కున్నవాడు చంపడానికి కొండల్లో కనపడకుండా ఉండాలనుకున్నాడు. మట్టి కొట్టుకున్న తెల్ల బట్టని ఎరుపులో ముంచినవాడు చేతిలో ఏమీ లేకుండా పట్టపగలు బజారు నడిబొడ్డున నిలబడ్డాడు. నేల ఒకటే, రంగులు తారుమారయ్యాయి.

1930 ఏప్రిల్ 23న ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో గఫార్ ఖాన్‌ని అరెస్టు చేశారు. పెషావరులో ఇతర నాయకుల్ని కూడా పట్టుకున్నారు. కిస్సాఖానీ బజారులో, అంటే కథలు చెప్పుకునే బజారులో, జనం పోగయ్యారు. సైన్యం కాల్చింది. చనిపోయినవాళ్లు కొన్ని పదులని సర్కారు లెక్క, కొన్ని వందలని జనం లెక్క. ఆ రోజు గఢ్వాల్ రైఫిల్స్‌కి చెందిన రెండు ప్లాటూన్ల సిపాయిలు కాల్చమన్నారు. చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో వాళ్లు నిరాయుధుల మీద కాల్చబోమన్నారు. కాల్చనన్నవాళ్లు హిందువులు, ఎదురుగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ముస్లిములు. కోర్టు మార్షల్ చేసి వాళ్లని ఏళ్ల తరబడి జైల్లో పెట్టారు. ఆ మే నెలలోనే ఉత్మాన్‌జాయీ మీద పడి దళం ఆఫీసు తగలబెట్టారు, మనుషుల ఒంటిమీంచి ఎర్ర బట్టలు ఊడబీకారు. తుపాకుల కంటే ఆ బట్టల మీదే కోపం ఎక్కువైనట్టుంది. ఫలితం తిరగబడింది. చేరేవాళ్లు వేలల్లోకి, ఆ తర్వాతి ఏళ్లలో లక్ష దాకా పెరిగారని అంచనా.

సర్కారు వాళ్లకి 'రెడ్ షర్ట్స్' అని పేరు పెట్టింది. రష్యా బోల్షెవిక్కుల మనుషులని పుకారు లేపింది. ఉర్దూ పత్రికల్లో అది 'సుర్ఖ్‌పోష్' అయింది. ఆ మాటని తెలుగులోకి తేవాల్సి వచ్చినప్పుడల్లా మేం ఇబ్బంది పడ్డాం. 'ఎర్ర చొక్కాల వాళ్లు' అని రాస్తే తెలుగు పాఠకుడికి సుందరయ్య, నాగిరెడ్డి గుర్తొస్తారు తప్ప నమాజు చదివి కవాతు చేసే పఠాను గుర్తుకురాడు. 'ఎరుపు' మీద మన దగ్గర ఒక పార్టీకి హక్కుంది. 'కత్తి' మీద పఠానుకి హక్కుంది. కత్తి లేని ఎర్ర బట్టల పఠానుని నిలబెట్టడానికి తెలుగులో జాగా దొరకదు.

పాకిస్తానులో అయినా దొరికిందా అంటే అదీ లేదు. విభజన వద్దన్నందుకు గఫార్ ఖాన్‌ని అక్కడ గద్దార్ అన్నారు. 1947 జూన్‌లో కాంగ్రెసు పెద్దలు సరిహద్దు రాష్ట్రంలో రెఫరెండానికి ఒప్పేసుకుని ఆయన్ని ఒంటరిని చేశారు. ఎర్ర చొక్కాలు రెఫరెండాన్ని బహిష్కరించాయి. ఇక్కడ 'సరిహద్దు గాంధీ' అని బిరుదిచ్చి, 1987లో భారతరత్న ఇచ్చి పంపేశారు. బిరుదు కూడా గమనించండి. మన గాంధీకి ఒక నకలు, అదీ సరిహద్దు దగ్గర. ఆయన్ని 'బాద్షాఖాన్' అని పిలుచుకున్న పఠానులకి అసలూ నకలూ అన్న గొడవ లేదు.

1948 వేసవి చివరి అయిదు వారాలూ పక్కపక్కన పెట్టి చూడాలని మా మనవి. ఆగస్టు 12న చార్‌సద్దా దగ్గర బాబ్రాలో నిరసనకి చేరిన ఎర్ర చొక్కాల మీద పాకిస్తాను సరిహద్దు రాష్ట్ర ప్రభుత్వం కాల్పులు జరిపించింది. అప్పటి ముఖ్యమంత్రి అబ్దుల్ ఖయ్యూం ఖాన్ ఒకప్పుడు కాంగ్రెసు మనిషే. చనిపోయినవాళ్లు పదిహేనుమందని సర్కారు అంది, వందల్లో అని పఠానులు అన్నారు. సెప్టెంబరులో సంస్థనే నిషేధించారు. అదే ఆగస్టు 21-22 రాత్రి మన హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక ఎడిటరు షోయబుల్లా ఖాన్‌ని రజాకార్లు చంపారు. చేతులు నరికారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ వెనువెంటనే జరిగిన మారణకాండలో రాష్ట్రం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేలమంది పోయారని, అది కూడా తక్కువ వేసిన లెక్కేనని పండిట్ సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ రిపోర్టుని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.

ఈ అయిదు వారాల్లోంచి తెలుగు జనం జ్ఞాపకం ఒక్క బొమ్మనే ఏరుకుంది, ఖాసిం రజ్వీ రజాకారుని. వాడు చేసింది మేం మాఫీ చెయ్యం. మా ఉర్దూ ఎడిటరు రక్తం వాడి మీద ఉంది. కానీ బాబ్రాలో పడినవాడూ ముస్లిమే, ఇమ్రోజ్ ఎడిటరూ ముస్లిమే, సెప్టెంబరులో బావుల్లో తేలినవాళ్లూ ముస్లిములే. డ్రామా కంపెనీ బట్టల పెట్టెలో వీళ్లెవరి చొక్కా లేదు.

మా కౌముకి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పెట్టెలోని వాస్కెట్టుని మేం మాత్రం కాదన్నామా? ఈద్ రోజున మా పిల్లలు పఠానీ సూటు కావాలని మారాం చేస్తారు. కొనిస్తాం. బట్టదేముంది, మోజు. దాని వెనకున్న లెక్క వేరు. పూర్వీకులు ఖైబరు కనుమ గుండా గుర్రాల మీద దిగారని చెప్పుకుంటే ఒక గొప్ప. పేరు చివర ఖాన్ తగిలించుకుంటే ఒక మెట్టు ఎక్కువ. ఇదే నేల మీద పుట్టి తెలుగే మాతృభాషగా బతికిన దూదేకుల వాళ్లని 'మనవాళ్లేనా' అని మా అష్రాఫులు ఎన్ని తరాలు అనుమానంగా చూశారో దాచిపెడితే దాగదు. పెళ్లి సంబంధం దగ్గర ఆ సంగతి బయటపడుతుంది. పాపం షేర్‌ఖాన్ వేషం కట్టిన సినిమావాళ్లకి ఆ కొలతలు అందించింది కొంతవరకు మేమే.

ఆ ఎర్ర చొక్కాకీ మన దూదేకులకీ నిజంగా చుట్టరికముంది. రక్తానిది కాదు, పనిది. ఖద్దరు ఎక్కడిదైనా ముందు పత్తి, తర్వాత ఏకడం, ఆ తర్వాతే రాట్నం. ఏకని దూదితో నూలు రాదు. ఆంధ్రదేశంలో ఆ ఏకే పని తరతరాలుగా చేసినవాళ్లు దూదేకులు. వింటినారితో దూది ఏకుతుంటే వచ్చే ధ్వని పల్లెల్లో పెద్దవాళ్లకి ఇంకా గుర్తే. రాట్నం బొమ్మ జెండా మీదికెక్కింది. వడికే అమ్మ పాటల్లోకెక్కింది. దూది ఏకే విల్లు ఏ జెండా మీదా లేదు. అదే మాదిరి పెషావరు వైపు తోళ్లు ఊనే తొట్టి దగ్గర ఆ బెరడు కషాయం కాచిన మనిషి పేరూ ఏ పుస్తకంలోనూ మాకు కనపడలేదు.

ముకులికా బెనర్జీ అనే మానవశాస్త్రవేత్త 1990ల మొదట్లో ఆ ప్రాంతం వెళ్లి అప్పటికి బతికున్న ఖుదాయీ ఖిద్మత్‌గార్‌లని వెతికి, కూర్చోబెట్టి మాట్లాడించింది. చాలామంది ఎనభై దాటినవాళ్లు. ఆమె పుస్తకం 2000లో వచ్చింది. పఠానుకి అహింస నేర్పింది గాంధీయే అని మనం తేలిగ్గా అనేసే మాట ఆమె ఒప్పుకోదు. ఓర్పునీ క్షమనీ వాళ్లు తమ ఇస్లాములోంచీ, మర్యాద అనేదాన్ని తమ పఖ్తూన్‌వలీలోంచీ తవ్వుకుని కొత్తగా మలుచుకున్నారని చూపిస్తుంది. ప్రతీకారం తీర్చుకోవడానికి కావాల్సిన ధైర్యాన్నే తీర్చుకోకుండా ఉండటానికి వాడారు. పాత గుడ్డే, రంగు మార్చారు. ఉర్దూలో ఇలాంటివి కొంత దొరుకుతాయి. తెలుగులోకి రావాల్సింది చాలా ఉంది.

గఫార్ ఖాన్ 1988 జనవరి 20న పెషావరులో పోయారు. బ్రిటిషువాళ్ల జైళ్లలోనూ పాకిస్తాను జైళ్లలోనూ గడిచిన ఏళ్లు కలిపితే ఆయన జీవితంలో దాదాపు మూడో వంతు. ఆయన కోరిక ప్రకారం ఖైబరు దాటించి అఫ్ఘానిస్తానులోని జలాలాబాదులో పాతిపెట్టారు. అప్పుడక్కడ యుద్ధం నడుస్తోంది. జనాజా కోసం కాల్పులు ఆపారు. ఆ గుంపులోనే బాంబులు పేలి కొందరు చనిపోయారు. 'వాయవ్య సరిహద్దు రాష్ట్రం' అని 1901లో ఇంగ్లీషువాడు పెట్టిన పేరు తీసేసి 2010లో 'ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా' అని పెట్టుకున్నారు. సరిహద్దు అనే మాట వాళ్ల పేరులోంచి పోయింది, మన సినిమాల్లోంచి ఇంకా పోలేదు.

ఎర్ర చొక్కాల దళాల ఫోటోలు కొన్ని ఇప్పటికీ దొరుకుతాయి. వరసలు కట్టి నిలబడ్డ మనుషులు, పక్కన డోలు. అవి తీసిన కాలంలో ఫోటోకి రంగు లేదు. బట్టలు ముదురు బూడిద రంగులో వస్తాయి. కింద రాసింది చదవకపోతే వాళ్లు ఏ రంగు తొడుక్కున్నారో తెలీదు, ఖాకీ అనుకుని పేజీ తిప్పేస్తారు.